అవ్వ పలచగా నేసిన గుడ్డ

మా ఇంట్లో ప్రయాణం అనుకోగానే ముందు తేలాల్సింది ఎక్కడికి అన్నది కాదు, తినడానికి ఏం తీసుకుపోవాలి అన్నది. మొన్న మనవరాలు యుద్ధ మ్యూజియం చూడ్డానికి పోదామన్నప్పుడూ అదే జరిగింది. ఆ మ్యూజియం ఏ ఊళ్ళో ఉంది, రేణిగుంటలో రైలెప్పుడు అని ఎవరూ అడగకముందే నా కూతురు వంటింట్లోంచి, "పులిహోర సాయంత్రం దాకా ఆగుతుంది. రాత్రికి పెరుగన్నం పాలు పోసి కలుపుతా. చిత్రాన్నం మాత్రం వద్దు, పోయినసారి వాసనొచ్చింది" అని తేల్చేసింది. తిరుపతిలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా మేము ఇంకా మా ఊరు నగరికి బస్సెక్కే మనుషుల్లాగే ప్రయాణాలు చేస్తాం.

మనవరాలిది ఎనిమిదో తరగతి. దసరా సెలవులకి ఇదే చూడాలని పట్టుబట్టింది. ఫోను చేతిలో పెట్టుకుని అక్కడి గదుల సంగతులన్నీ చదువుతూ కూర్చుంది. ముంగిట్లో యుద్ధట్యాంకు ఉందట. పైకప్పుకి విమానం వేలాడుతుందట. ఒక గదిలో కందకం కట్టి, చీకటి చేసి, తుపాకుల మోత వినిపిస్తారట. ఆ మోత వినడానికి రైలెక్కి పోవాలా, దీపావళికి మన వీధిలో నిలబడితే చాలదా అన్నాను. ముసలివాళ్ళని అడిగి ప్రయాణాలు పెట్టుకోకూడదని దానికి అర్థమైనట్టుంది, నా వైపు చూడ్డం మానేసింది.

దానికి కావలసింది నేను కాదులెండి, మా చిన్నాయన. ఆయన మా నాయనకి తమ్ముడు. మా వాళ్ళందరిలో యుద్ధం చూసిన మనిషి ఆయనొక్కడే. మాకు రెండు వీధుల అవతల ఉంటాడు, రోజూ సాయంత్రం కాఫీకి వస్తాడు. తాత పక్కన నిలబడి ఇది ఫలానా తుపాకి, ఇది ఇట్లా పేలుతుంది అని చెబితే బడిలో గొప్పగా చెప్పుకోవచ్చని దాని ఆశ. ఆయన మాత్రం ఒప్పుకోలేదు.

"ఆడ నాకేం పని పాపా? మోసినవన్నీ మళ్ళా పొయ్యి అద్దాల్లో సూడాల్నా? మీరు పొయ్యి రాండి. వచ్చేటప్పుడు తినేదానికి ఏమన్నా తీసుకొని రాండి" అన్నాడు.

నేనూ మోకాళ్ళ నొప్పులని తప్పించుకుందామనే చూశాను. "మీకేదీ నచ్చదు" అని అది విసుక్కుంటూ ఫోటోలు వేలితో జరుపుతూ ఉంటే, ఒకచోట దాని చెయ్యి పట్టుకుని ఆపాను. అద్దాల పెట్టెలో మడిచిన స్ట్రెచరు, మూత తెరిచిన రేకు డబ్బా, తుప్పు పట్టిన కత్తెర. వాటి పక్కన తెల్లటి గుడ్డ చుట్ట ఒకటి.

"అది ఉత్త కట్టుగుడ్డ అమ్మమ్మా. దెబ్బలు తగిలిన సైనికులకి కట్టేది. దాన్నేం చూస్తావ్?" అంది.

"నా కళ్ళజోడు తీసుకురా" అన్నాను.

ఫోటోని పెద్దది చేసే కొద్దీ గుడ్డ మసకబారిపోయింది. నేత కనపడలేదు. కానీ నాకు ముక్కులో గంజి వాసన వచ్చింది. నూలుకి పట్టించే గంజి, ఉడుకుతున్నప్పుడు ఇల్లంతా వ్యాపించే ఆ పుల్లటి వాసన. వంటింట్లో అన్నం వార్చారా అని నా కూతుర్ని అడిగాను కూడా. కుక్కర్లో పెట్టానమ్మా అంది.

నగరిలో మా ఇల్లు మగ్గాల వీధిలో ఉండేది. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకదాంట్లో నాయన, ఇంకోదాంట్లో ఆయన తల్లి, మా అవ్వ కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళు రాట్నం దగ్గరే గానీ మగ్గం గుంటలో దిగడం మా వీధిలో తక్కువ. తాత పోయిన తర్వాత ఆయన మగ్గం ఖాళీగా ఉండటం చూడలేక అవ్వ దిగింది. దిగి, వీధిలో మగవాళ్ళందరి నేతకీ వంకలు పెట్టే స్థాయికి చేరింది.

మా వాళ్ళకి నేత అంటే దట్టంగా ఉండాలి. అడ్డంగా వేసే పేక దారాన్ని ముందు దారానికి అంటేలా లాగి కొట్టాలి. చీర నేశాక దీపానికి అడ్డం పట్టి చూస్తారు, అవతలి వెలుగు కనపడితే ఆ మనిషికి నాలుగు రోజులు వీధిలో తలెత్తే వీలుండదు. "ఏమబ్బా, దోమతెర నేసినావా?" అని ఒకడు, "పిండి జల్లించుకునేదానికి మా ఇంటికొకటి పంపు" అని ఇంకొకడు. అవ్వ నోటికైతే అసలు అడ్డే లేదు.

మా చిన్నాయన ఆ మగ్గం నుంచి తప్పించుకుని పట్టాళంలో చేరిపోయాడు. కాళ్ళు గుంటలో పెట్టుకుని బతుకంతా కూర్చోవడం నా వల్ల కాదన్నాడట. అవ్వ ఆయన మీద కోపంతో ఉత్తరాలు చదివించుకునేది కాదు. మా అమ్మ మాత్రం అవ్వకి వినపడేట్టు వంటింట్లో గట్టిగా చదివేది. అప్పుడు అవ్వ మగ్గం ఆగిపోయేది. చదవడం అయిపోగానే మళ్ళీ మొదలయ్యేది.

ఆ రోజుల్లోనే ఒక చలికాలంలో యుద్ధం వచ్చింది. మాకు యుద్ధం అంటే టీ అంగడి రేడియో. సాయంత్రమైతే మగవాళ్ళంతా అక్కడ చేరి నిలబడేవాళ్ళు. బస్సుల లైట్లకి సగం నల్లరంగు పూశారు. కిటికీలకి గోధుమరంగు కాగితం అంటించమన్నారు. అంటించడానికి ఉడికించిన గంజిని మా తమ్ముడు వేలితో నాకుతూ దొరికిపోయాడు. మధ్యాహ్నం అవ్వ కునుకు తీసే సమయంలో మేమిద్దరం మగ్గం గుంటలో దిగి అదే కందకం అనుకుని, నూలు చుట్టే కండెలు విసిరి శత్రువులని చంపేవాళ్ళం. శత్రువు ఎప్పుడూ మా మేకే.

ఒకరోజు నాయన నేతగాళ్ళ సంఘం నుంచి వస్తూనే చెప్పాడు. "కొన్నాళ్ళు సీరలు ఆపాలంట. యుద్ధానికి గుడ్డ నెయ్యాలంట. దెబ్బలు తగిలినోళ్ళకి కట్టేది."

అవ్వ చేతిలో పని ఆగింది. "మనోడికి కూడా అదే కడతారా?"

"వాడికి దెబ్బ తగల్దులేమ్మా."

"తగిలితేరా?"

"తగిలితే అదే కడతారు" అన్నాడు నాయన.

మర్నాడు అవ్వ తలస్నానం చేసి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి గుంటలో దిగింది. సంఘం వాళ్ళు ఇచ్చిన పడుగులో నిలువు దారాలు దూరం దూరంగా ఉన్నాయి. వాటిని వరసగా నిలబెట్టే పన్నె కూడా పళ్ళు ఊడిన దువ్వెన లాగా ఉంది. "పట్నంలో వాళ్ళకి ఏం తెలుస్తాది, నూలు మిగుల్చుకుంటా ఉండారు" అని తిట్టి, పడుగులో ఉన్న లోటంతా పేకలో తీర్చడానికి కూర్చుంది. ఒక్కొక్క దారాన్ని లాగి లాగి కొట్టింది. ఆ దెబ్బలకి మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. అంతవరకూ మగ్గం దగ్గర ఊరికే ఉండని నోరు, ఆ గుడ్డ నేస్తున్నంత కాలం మూతపడే ఉంది. వాడికి తగిలే గుండు ఈ గుడ్డకి తగిలి ఆగిపోవాలి అన్నట్టు నేసింది. పెద్దయ్యాక నాకు తోచిన మాట ఇది. అప్పుడు మాకు తెలిసిందల్లా, అవ్వ దగ్గరికి పోతే దెబ్బలు పడతాయని.

అవ్వ ఒక్కతే కాదు, వీధి వీధంతా అట్లాగే నేసింది. యుద్ధానికి పంపే గుడ్డలో ఎవరు తక్కువ తింటారు?

చూడ్డానికి మద్రాసు వైపు నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. సంఘం వరండాలో అందరి గుడ్డలూ పేర్చి పెట్టారు. ఆయన ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూస్తూ, చూస్తూ, ముఖం చిన్నది చేసుకున్నాడు. ఒక లోటాలో నీళ్ళు తెప్పించి, అవ్వ గుడ్డ మీద నాలుగు చుక్కలు వేశాడు. చుక్కలు గుడ్డ మీద గుండ్రంగా నిలబడ్డాయి. వీధి వాళ్ళందరూ గర్వంగా చూశారు.

"చూసినారా సామీ? చుక్క దిగలేదు" అంది అవ్వ.

"అదేనమ్మా కష్టం" అన్నాడాయన. "నేత రొంబ బాగుండాది. కానీ ఇది దుప్పటి. కట్టుకి పనికిరాదు. కట్టుగుడ్డంటే నెత్తురు పీల్చల్ల, గాలి ఆడల్ల. దీన్ని కడితే పుండు లోపల్లోపలే చీము పడతాది."

అన్నీ వెనక్కి ఇచ్చేశాడు. ఇట్లా ఉండాలి అని ఒక నమూనా ముక్క ఇంటింటికీ ఇచ్చి, మళ్ళీ వస్తానని చెప్పి పోయాడు. ఆ ముక్కని మా వాళ్ళు చచ్చిన ఎలకని తోకతో పట్టుకున్నట్టు పట్టుకుని ఇళ్ళకి తెచ్చారు. దాంట్లోంచి ఎదుటి మనిషి ముక్కూ ముఖం కనపడుతున్నాయి.

అవ్వ తన గుడ్డని అటక మీదికి విసిరేసింది. "జల్లెడ నేసి నా కొడుకు పుండు మీద ఎయ్యాల్నా? నా సేత కాదు" అని మగ్గం మానేసింది.

తక్కిన వీధి రెండు రోజులు అలిగి, తర్వాత మొదలుపెట్టింది. అయితే తలుపులు వేసుకుని నేశారు. పలచగా నేస్తుంటే పక్కింటివాడు చూస్తే ఎట్లా? మా ఎదురింటి ఆయన మగ్గం మీద ఒక దుప్పటి కప్పేసి గానీ వీధిలోకి వచ్చేవాడు కాదు. ఒకరి మగ్గం మీద ఏముందో ఒకరికి తెలిసీ, ఎవరూ ఎవర్నీ అడగని రోజులు అవి.

మా ఇంటికిచ్చిన నమూనా ముక్క మాత్రం నాకూ తమ్ముడికీ పండగైంది. ఆసుపత్రి ఆట మొదలుపెట్టాం. మేక ముందుకాలికి దెబ్బ తగిలినట్టు దానితో కట్టు కట్టాం. ఇంకో కట్టుకి గుడ్డ చాలలేదని మేము వెతుకుతుండగా, రోగి తన కట్టుని తానే సగం తినేసింది. మిగిలిన సగాన్ని దాని నోట్లోంచి లాగి, కడిగి, ఆరబెట్టి, ఏమీ ఎరగనట్టు మగ్గం మీద పెట్టాం. అవ్వ దాన్ని చూసి, "అదిగో, ఒక్క దినానికే సగమైంది. ఇదీ ఒక గుడ్డేనా?" అంది. మేము గుటకలు మింగాం.

ఆ నెలంతా మా ఇళ్ళల్లో అనపకాయల వాసన. చలికాలం మా వైపు పితికిన పప్పు లేనిదే ముద్ద దిగదు. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పితికితే పప్పు బయటికి దూకి తొక్క చేతిలో మిగులుతుంది. ఒకరోజు అమ్మా, అవ్వా, మేమిద్దరం పంచలో చాప వేసుకుని పితుకుతున్నాం. మా తమ్ముడు గురి చూసి నా ముఖం మీదికే పితుకుతున్నాడు.

అమ్మ అవ్వ ఎదుట గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆరోజు తల వంచుకుని గింజలు పితుకుతూనే, "అత్తా, ఒక మాట అడగతా, కోపం చేసుకోబాక" అంది.

"అడుగు."

"మా మరిది పుట్టినప్పుడు వాణ్ణి దేంట్లో సుట్టి పండబెట్టినావు?"

"ఇదేం అడగడమే? దేంట్లో సుట్టతారు? నా పాత సీరలో. కట్టీ కట్టీ జల్లెడైపోయిన సీర."

"ఇంటి నిండా కొత్త సీరలు నేస్తా ఉండి, పాతదాంట్లో యాల?"

"కొత్తది గీరుకుంటాది గదే. పసిగుడ్డు వొళ్ళు. పాత గుడ్డైతే మెత్తగా, తడి పీల్చుకొని, గాలి..."

అవ్వ ఆగిపోయింది. చేతిలో గింజ చేతిలోనే ఉంది. అమ్మ తలెత్తలేదు, గింజలు పితుకుతూనే ఉంది. మా తమ్ముడు కొట్టిన పప్పు వెళ్ళి అవ్వ చెంపకి తగిలింది. మామూలుగా అయితే వాడికి ఆ పూట తిండి ఉండేది కాదు. అవ్వ చెంప తుడుచుకుని, లేచి, చెయ్యి కడుక్కుని పోయి మగ్గం గుంటలో కూర్చుంది.

కూర్చుంది గానీ చెయ్యి మాట వినదే. జీవితమంతా లాగి కొట్టిన చెయ్యి. రెండు దారాలు మెల్లగా వేస్తే మూడోది తనంతట తానే ధనామని కొట్టేస్తుంది. అవ్వ ఆ చేతిని తిట్టేది. చివరికి నన్ను పిలిచి మగ్గం పక్కన కూర్చోబెట్టింది. "నేను గట్టిగా కొడితే చెప్పు. మొగమాటం పడబాక."

అవ్వని గద్దించే ఉద్యోగం దొరికితే ఎవరు వదులుకుంటారు? రాట్నం, కండెలు అన్నీ తమ్ముడికి వదిలేసి నేను పక్కనే కూర్చున్నాను. "మెల్లగా అవ్వా" అనేదాన్ని. "మెల్లగానే గదా కొట్టినా" అనేది. "లేదు, గిన్నె కదిలింది" అనేదాన్ని. కొన్నాళ్ళకి గిన్నెలు కదలడం మానేశాయి. మగ్గం శబ్దమే మారిపోయింది. దారాన్ని దారం పక్కన పండుకోబెట్టినట్టు నేసేది. నేస్తూ నేస్తూ మెల్లగా ఏదో కూనిరాగం తీసేది. అది జోలపాట అని మా అమ్మ చెప్పింది. నాకు మాత్రం అవ్వ పాడటం వినడం అదే మొదటిసారి, అవ్వ మెత్తగా ఉండటం చూడటం కూడా.

కొత్త గుడ్డని పాతగుడ్డలాగా నేసింది మా అవ్వ. ఒక్క అంచు దగ్గర మాత్రం చెయ్యి మళ్ళీ బిగుసుకునేది. ఆ అంచుని ఎంత చెప్పినా పలచన చెయ్యలేకపోయింది. "అంచు కూడా వదిలేస్తే ఇంక నేనెందుకే?" అంది.

ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. నీళ్ళ చుక్క వేశాడు. వేసిన చుక్క వేసినట్టే గుడ్డలోకి మాయమైంది. ఆయన అవ్వ వైపు చూసి చేతులు జోడించాడు. అవ్వ ఆ దండాన్ని పట్టించుకోలేదు. ఆమెకు కావలసింది వేరే ఉంది.

"సామీ, నా కొడుకు పట్టాళంలో ఉండాడు. ఈ గుడ్డ వాడుండే తావుకి పంపిస్తారా?"

నవ్వుతాడేమో అని నేను భయపడ్డాను. ఆయన నవ్వలేదు. "అట్లా చెప్పి పంపేదానికి లేదమ్మా. ఎవురికి అవసరమో వాళ్ళకి పోతాది."

అవ్వ గుడ్డని మడిచి ఆయన చేతికిచ్చింది. తర్వాత, "సరే, మూట గట్టిగా కట్టుకోండి, తడవకుండా" అంది. లారీ బయలుదేరి పుత్తూరు రోడ్డు మలుపు తిరిగే దాకా నిలబడి చూసింది. ఇంటికొచ్చాక, ఉన్న ఉత్తరాలన్నీ తెచ్చి అమ్మ చేతిలో పెట్టి మొదట్నుంచి చదవమంది.

యుద్ధం ఎంతో కాలం సాగలేదు. ఎండలు ముదరక ముందే చిన్నాయన సెలవు మీద ఇంటికి వచ్చాడు. నల్లబడి, సన్నబడి, మీసం పెంచుకుని వచ్చాడు. పిక్క మీద మచ్చ ఒకటి. ఏదో ఇనపముక్క గీరిందన్నాడు. అవ్వ ఆ మచ్చని వేళ్ళతో తడిమి చూసి, ముందు సంగటి పెట్టింది. ఆయన రెండో ముద్దలో ఉండగా అడిగింది.

"ఆడ నీకు ఏం గుడ్డ కట్టినారురా?"

"ఏమోమ్మా. తెల్ల గుడ్డ."

"పలచగా ఉండెనా?"

చిన్నాయన ముద్ద పట్టుకుని గుర్తు చేసుకున్నాడు. "పలచగానే ఉండె. దాంట్లోంచి పుండు కనపడతా ఉండె."

"అంచు ఎట్లుండె?"

"పుండు నొప్పితో నేను చస్తా ఉంటే అంచు ఎవురు సూస్తారమ్మా?"

అవ్వ మజ్జిగ పోస్తూ, "పోనీలే. యా తల్లి నేసిందో, మెత్తగానే నేసింది. నేను నేసింది ఇంకెవురి బిడ్డకో కట్టింటారు" అంది. ఆ మాట అంటూ ఏడ్చింది. బాధతో కాదు. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ ఇష్టం.

అక్కడితో ఈ కథ అయిపోవలసింది. కానీ మా చిన్నాయన సంగతి మీకు తెలియదు. యుద్ధంలో ఒక్క గీరుతో బయటపడ్డ మనిషి, సెలవు ముగియబోతుండగా మా పెరట్లో మునగచెట్టు ఎక్కాడు. మునగకొమ్మ ఎక్కకూడదని మా వీధిలో పాకే పిల్లకి కూడా తెలుసు. మా అమ్మ పులుసు పెడతానంది, కాయలు పైన ఉన్నాయి, కర్ర అందలేదు, పట్టాళం మనిషినని ఎక్కాడు. కొమ్మ ఫెళ్ళుమంది. కాయలూ ఆయనా కలిసే దిగారు. మోచేతి కింద ఎముక విరిగింది.

ఎముక విరిగితే మా వైపు ఆలోచించేది లేదు, పుత్తూరులో ఎముకలు కట్టే వైద్యుడే. నాయన బస్సు ఆపడానికి పరిగెత్తాడు. విరిగిన చేతిని మెడకి వేలాడగట్టాలని అవ్వ బరువు మోసే గుడ్డ కోసం చుట్టూ చూసి, నిచ్చెన వేసి అటక మీది మూట లాగింది. దుమ్ము దులిపి, ఆ దట్టమైన గుడ్డతోనే చెయ్యి కట్టింది. నేనూ ఎక్కాను బస్సు. ఎవరూ దింపలేదు.

పుత్తూరులో ఆ వైద్యుడి వాకిలి నిండా విరిగిన కాళ్ళూ చేతులూ. ఎవరి చేతిలో చూసినా కోడిగుడ్లు, పచ్చి ఆకుపసరు వాసన. వైద్యుడు చిన్నాయన చేతిని తడుముతూ ఊరు, పేరు అడుగుతూ ఉన్నట్టుండి లాగాడు. మా చిన్నాయన అరుపుకి చెట్టు మీది కాకులు లేచాయి. "ఇనపముక్క తగిలినప్పుడు కూడా ఇట్లా అరవలేదమ్మా" అన్నాడు తర్వాత, సిగ్గుపడుతూ.

ఎముక కూర్చాక వైద్యుడు వెదురుబద్దలు పెట్టి, గుడ్డ కోసం చెయ్యి చాపాడు. కట్టుకని అవ్వ ఇంటి నుంచే పాతచీర ముక్కలు మెత్తవి చూసి తెచ్చి ఉంది, అవి ఇచ్చింది. పాఠం అంత బాగా నేర్చుకుంది మరి. ఆయన వాటిని పక్కన పడేశాడు.

"ఇది ఆగదమ్మా. గుడ్డుసొన, పసరు పట్టుకొని బిగిసి నిలబడల్ల. దట్టంగా ఉండల్ల." ఆయన చూపు చిన్నాయన మెడలో ఉన్న గుడ్డ మీద పడింది. రెండు వేళ్ళతో పట్టి లాగి చూశాడు. "ఇదిగో, ఇట్లాంటిది. ఇది ఎవురు నేసింది?"

నేనే చెప్పాను, "మా అవ్వ. ఆఫీసరు దుప్పటని వెనక్కిచ్చినాడు."

"అయితే నాకు మంచిదే" అని ఆయన దాన్ని పట్టీలుగా చింపాడు. చింపడానికి కూడా ఆయన పళ్ళు వాడాల్సి వచ్చింది. గుడ్డుసొనలో ముంచి, పసరు పూసి, ఒక్కొక్క పట్టీ చుట్టుకుంటూ పోయాడు. అవ్వ రెప్ప వెయ్యకుండా చూసింది. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు కొడుకు చేతి మీది కట్టుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

"వానికని నేసినా. వానికే సేరింది సూడే" అంది నాతో.

కట్టు విప్పేసరికి చిన్నాయన చెయ్యి కుదిరింది. కాస్త వంకర మిగిలింది గానీ బలంలో తేడా లేదు. మళ్ళీ పట్టాళానికి పోయాడు, చాలా ఏళ్ళు చేసి వచ్చాడు. ఆ మగ్గాలు ఇప్పుడు లేవు. ఆ ముందు గదిలో ఎవరో సెల్‌ఫోన్ల అంగడి పెట్టారు, గుంటలు పూడ్చి బండలు పరిచారు. అవ్వ పోయాక ఇంట్లోవాళ్ళు నన్నేం కావాలని అడిగితే, పట్టీలు చింపగా మిగిలిన ఆ గుడ్డముక్క అడిగాను. ఇంత చిన్న కోరికా అని వాళ్ళు నవ్వారు.

సాయంత్రం చిన్నాయన కాఫీకి వచ్చాడు. మనవరాలు ఆయన ముందు ఫోను పెట్టి, ట్యాంకు కాకుండా ఆ అద్దాల పెట్టె ఫోటో చూపించింది. నేను మధ్యాహ్నమంతా దానికి ఈ సంగతులే చెప్పాను.

"తాతా, ఇది మీ అమ్మ, ఆ జేజవ్వ, నేసిందేమో" అంది.

ఆయన ఫోను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. "ఎవురు నేసిందో ఎట్లా తెలస్తాది పాపా? పలచగా ఉండాది, అంతే."

"అంచు సూస్తే నాకు తెలస్తాది" అన్నాను నేను. ఆ గుడ్డ మాటొచ్చేసరికి నా నోటికి నగరి మాటే వచ్చింది. "ఫోటోలో కనపడలా. పక్కన నిలబడి సూస్తే తెలస్తాది. నేను పోతా ఉండా."

"నీ మోకాళ్ళు?" అంది నా కూతురు వంటింట్లోంచి.

"అవి కూడా వస్తాయి."

చిన్నాయన కాఫీ తాగాడు. వంకర చేతిని రెండో చేత్తో మెల్లగా తడుముకోవడం చూశాను. అలవాటుగా చేసే పనే. గ్లాసు కింద పెట్టి, "రైలు ఎప్పుడన్నావు పాపా?" అని మనవరాల్ని అడిగాడు. అది ఒక్క గంతు వేసి, సీట్ల కోసం ఫోను నొక్కడం మొదలుపెట్టింది. కింది బెర్తులే కావాలని నా కూతురు అక్కణ్ణుంచే కేక వేసింది. పులిహోర ఇంకొకరికి కలపాలని కూడా అంది.

చిన్నాయన వెళ్ళడానికి లేచి, గడప దగ్గర ఆగాడు.

"ఏమ్మే, అమ్మ నేసిన ఆ దుప్పటిముక్క నీ కాడ ఉండాదా ఇంకా?"

"ఉండాది చిన్నాయనా. పెట్టెలో."

"దాన్నీ తీసుకొని రా. ఆ దినం లారీ ఎక్కనియ్యలేదు గదా పాపం. ఈ దినం రైలెక్కిద్దాం."